తుడిచిన కాగితం

మా తమ్ముడు నీటిరంగుల చిత్రకారుడు. అంటే సగం రోజు బొమ్మ వేస్తాడు, మిగతా సగం అది ఆరేదాకా చూస్తూ కూర్చుంటాడు. కుంచె కడిగిన నీళ్లను టీ అనుకుని తాగిన రోజులున్నాయి. బాగుందని కూడా అన్నాడు. మా మరదలు పెట్టే టీకి అలవాటు పడ్డ నాలుక మరి.

తొలి ప్రదర్శనకి పన్నెండు బొమ్మలు సిద్ధం చేశాడు. అన్నిటిలోనూ మరదలే, నీలం చీరలో, కుర్చీలో. ఆమె వెనక తలుపు, తలుపు అవతల పొడుగాటి వసారా, దాని చివర గేటు. కాగితం మాత్రం కొన్నది కాదు. చనిపోయిన ఒక పెద్ద చిత్రకారుడి భార్య పారేయమని ఇచ్చిన కట్ట. ఆయన ఒకసారి మనిషిని వేసి తుడిచేసిన కాగితాలివి, వాడకు నాయనా అని కూడా చెప్పిందట. పాత కాగితం కనబడితే ఈ చిత్రకారులకి చెవులు పనిచేయవు. వెలుగుకి ఎత్తి చూశాడు, శుభ్రంగానే ఉందనుకున్నాడు, ఇంటికి తెచ్చేసుకున్నాడు.

ప్రారంభం సాయంత్రం ఐదింటికి. మూడింటికే మరదలు గ్యాలరీ గుమ్మం దగ్గర సంతకాల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పైన హాల్లో నేనూ తమ్ముడూ బొమ్మలు వరసగా తగిలించి, వంకరలు సరిచేస్తున్నాం. బయట మబ్బు పట్టింది. హాలంతా తడి కాగితం వాసన. ఆ బొమ్మలు ఆరి నెల దాటింది.

"గేటు దగ్గర ఆ తెల్లటిది ఎవర్రా?" అన్నాను మొదటి బొమ్మ చూసి. బియ్యపుగింజంత ఉంది.

వాడు ముక్కు ఆనించి చూశాడు. నీటిరంగుల్లో తెలుపు వేయరు. తెల్లగా ఉండాల్సిన చోట కాగితాన్ని ఖాళీగా వదిలేస్తారు. అక్కడ తానేమీ వదల్లేదన్నాడు. పెళ్లిరోజే గుర్తుండని మనిషి కదా, నేను పట్టించుకోలేదు.

రెండో బొమ్మలో అది వసారాలో ఉంది. గోరంత. ఐదో బొమ్మలో తల, భుజాలు తెలిశాయి. ఎనిమిదో దానిలో తలుపు దగ్గర నిలబడింది. ముఖం ఉండాల్సిన చోట ఉత్త కాగితం. పదకొండులో... కుర్చీ వెనకే ఉంది.

పన్నెండులో మరదలు ఒక్కతే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆమె భుజం మీద నీలం పలచబడింది. ఒక వేలు. ఇంకో వేలు...

కింద నుంచి మరదలు గొంతు వినిపించింది. "వదినా, పైన ఏమైనా కారుతోందా? నా భుజం తడిసింది."

తమ్ముడు ఫ్రేము విప్పాడు. ఆ కంగారులో అద్దం పగిలింది. వెంట తెచ్చుకున్న రంగుల పెట్టె తెరిచి ఆ వేళ్ల మీద నీలం పూశాడు. రంగు అంటలేదు. జారిపోయింది. మూడో వేలు వచ్చింది.

స్పాంజి నీళ్లలో ముంచాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఇందులో తను లేకపోతే... అది ఎవర్ని పట్టుకుంటుందక్కా?" గుసగుసగా అన్నాడు.

ఆ పెద్దాయన కూడా సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటాడని నాకప్పుడు తట్టింది. చెప్పేలోపే తుడిచేశాడు. ముఖం, చీర, చేతులు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఆలస్యం చేయకుండా చేసిన పని అదొక్కటే.

కుర్చీలో మనిషి ఆకారంలో తెలుపు మిగిలింది. వేళ్లు కనబడలేదు.

పరుగున కిందికి దిగాం. మరదలు మమ్మల్ని చూసి నవ్వింది. భుజం ఆరిపోయిందంది, మీ ముఖాలేమిటి అలా పాలిపోయాయని వెక్కిరించింది. ప్రాణం లేచొచ్చింది. ప్రదర్శన వద్దు, ఏమీ వద్దు, ముందు ఇంటికి పోదాం పదమన్నాడు తమ్ముడు.

వాన మొదలైంది. మేమిద్దరం గుమ్మం ముందు మెట్లు దిగాం. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరు పదండి వదినా. నేను వాన తగ్గాక వస్తాను."

చూరు నుంచి ఒక్క చుక్క ఆమె ముంజేతి మీద పడింది. కొంగుతో తుడుచుకుంది.

తుడిచిన చోట తెల్లగా ఉంది. కొంగు మీద చామనఛాయ మరక.

ఆమె అది చూసుకోలేదు. మా వైపే చూసి నవ్వుతోంది. నెత్తి మీద, చూరు అంచున... ఇంకో చుక్క లావవుతోంది.