మైనస్ ఇరవైలో ఒక పేరా

"ఈ నార్డిక్ నవలల్లో మనుషులకేం పనుండదండి. ఉన్న పనంతా మంచుకే," అన్నాడతను.

పుస్తకాల షాపు మేడమీద గదిలో గుండ్రంగా కూర్చున్న చదువరులంతా ఒక్కసారి మాటలాపేశారు. బయట వాన మాత్రం తన అభిప్రాయం చెబుతూనే ఉంది.

అందరూ ఆమె వైపు చూశారు. ఆ నెల పుస్తకం, ఉత్తరధ్రువం వైపు మంచుదేశాల నవల, ఆమె ఎంపికే మరి. ఆమె కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడిగి అడిగి, ఎదుటి మనిషిని ప్రశ్నలతో కూర్చోబెట్టడం అలవాటైపోయింది.

"మొదటిసారి వచ్చినట్టున్నారు. ఏం చేస్తుంటారండి?" అని మర్యాదగా అడిగింది.

"కోల్డ్ స్టోరేజీలో మెకానిక్‌ని. రోజంతా మైనస్ ఇరవైలో పని. ఇంటికెళ్ళినా మళ్ళీ మంచే అంటే, ఓవర్‌టైమ్ అడగాలేమో."

గదిలో నవ్వులు. ఆమె కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు అంత మంచిది కాదు.

"పాపం. మరి ఆ ఎర్రజుట్టు పిన్ని సంగతేంటి? ఆవిడకీ పనిలేదంటారా?"

అతను చెవి గోక్కున్నాడు. "పిన్నా... ఆవిడ పర్లేదండి. ఉన్నవాళ్ళలో ఆవిడే కాస్త హుషారు."

"నాకూ అలాగే అనిపించింది. కాకపోతే ఆవిడ ఈ పుస్తకంలో లేదు. ఇప్పుడే నేను పుట్టించాను."

ఈసారి నవ్వులు మేడ దిగి షాపు దాకా వినిపించాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా లేచిపోలేదు. చివరిదాకా కూర్చుని, అందరి మాటలూ శ్రద్ధగా విని మరీ వెళ్ళాడు.

ఆ సాయంత్రానికే చదువరుల ఫోన్ గ్రూపులో అతనికి పేరు పెట్టేశారు: పిన్నిగారబ్బాయి. పొద్దున్నే ఎవరో ఒకరు "పిన్ని ఎలా ఉన్నారు?" అని అడిగేవారు. అతను ఏమాత్రం తడుముకోకుండా వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. "కులాసా. మిమ్మల్నందర్నీ అడిగానని చెప్పమంది."

ఇంత తేలిగ్గా తీసుకునే మనిషిని ఏడిపించడంలో ఆమెకు మజా పోయింది. దాని బదులు ఇంకేదో మొదలైంది. ఉండబట్టలేక విడిగా మెసేజ్ పెట్టింది.

"నా మీద కోపం వచ్చిందా?"

"వచ్చింది. ఫ్రీజర్లో పెట్టా. గడ్డకట్టుకుపోయింది. ఇంక పనికిరాదు," అని అతని గొంతు.

అప్పట్నుంచి సాయంత్రాలు వాళ్ళ మాటలతోనే గడిచేవి. ఆమె టైపు చేసేది, అతను మాట్లాడేవాడు. పానాలు, నూనె, టైపు చేయడానికి చేతులు ఖాళీ ఉండవని చెప్పాడు. ఆమె నమ్మింది.

"మీకు ఆ దేశాల పుస్తకాలంటే అంత పిచ్చేంటండి?" అని ఒకరోజు అడిగాడు.

ఆమె ఆలోచించి రాసింది. "వాళ్ళు ఎక్కువ మాట్లాడరు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని కాఫీ తాగుతారు. అంతే. మా ఇంట్లో అమ్మమ్మా నేనూ ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం. అందుకేనేమో."

"అమ్మమ్మగారు కూడా చదువుతారా?"

"హత్యలు మాత్రమే. శవం లేని పుస్తకం ముట్టుకోదు."

అతనికోసం ఆమె ఇంకో నార్డిక్ నవల కొంది. సముద్రం ఒడ్డున దీపస్తంభం చూసుకునే ముసలాయన కథ. భార్య పోయింది, మంచుకి దారులు మూసుకుపోయాయి, తోడు ఒక కుక్క. ఇందులో హత్యలు లేవు, హడావుడి లేదు. అతనికి ఇది బొత్తిగా నచ్చదనే నమ్మకంతోనే ఇచ్చింది, పోట్లాడొచ్చని.

వారం తిరక్కుండానే అతని మెసేజ్ వచ్చింది.

"ఆ ముసలాయన భార్య పేరు ఎత్తబోయిన ప్రతిసారీ చిన్నగా దగ్గుతాడు, గమనించారా? ఏడుపొస్తుందని దగ్గుని అడ్డం పెట్టుకుంటాడండి. మంచు దేశం సంగతి నాకు తెలీదుగానీ, ఆ మనిషి మాత్రం నాకు తెలుసు."

ఆమె దాన్ని ఇంకోసారి వింది. ఆ పుస్తకం ఆమెకు ప్రాణం. అయినా ఆ దగ్గు ఆమె కంట పడలేదు. ఆ మెసేజ్ అమ్మమ్మకి కూడా వినిపించింది.

"గొంతు బావుంది," అంది అమ్మమ్మ.

"నేను అడిగింది పుస్తకం గురించి."

"నేను చెప్పిందీ వినబడినదాని గురించేగా."

ఆ మరుసటి రోజే గ్రూపులో ఎవరో అడిగారు, ఆడియో పుస్తకాలు వింటే చదివినట్టు లెక్కేనా అని. ఆమె వెంటనే రాసేసింది: "అదెలా అవుతుందండి? ఇంకొకరు నమిలి పెడితే మింగినట్టుంటుంది." అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. పిన్నిగారబ్బాయి ఒక్కడే ఏమీ అనలేదు. ఆ సాయంత్రం అతని గొంతు కూడా వినబడలేదు. పని ఎక్కువై ఉంటుందనుకుంది.

నిజమైన చలి ఎలా ఉంటుందో చూపిస్తానని అతను ఎప్పుడో అన్నాడు. ఆదివారం బయల్దేరుతుంటే అమ్మమ్మ కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెందుకమ్మమ్మా, అక్కడ చలి."

"చలి కోసమేగా వెళ్ళేది. పైగా శవాలు దొరికేది అలాంటి చోట్లే."

కోల్డ్ స్టోరేజీ గుమ్మం దగ్గర అతను ఇద్దరికీ దళసరి కోట్లు ఇచ్చాడు. అమ్మమ్మ కోటు చీలమండల దాకా వచ్చింది. "నువ్విచ్చిన పుస్తకం" అనబోయి, "మీరిచ్చిన పుస్తకం" అని సరిచేసుకుని, దాన్ని ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఆ తడబాటు ఆమెకు వినబడింది. వినబడనట్టే కోటు గుండీలు పెట్టుకుంది.

బరువైన తలుపు వెనక తెల్లటి గది. కప్పుదాకా పేర్చిన చేపల పెట్టెలు, పైన పెద్ద ఫ్యాన్ల హోరు. నోట్లోంచి ఆవిరి.

"ముక్కుతో గాలి పీల్చండి," అన్నాడు అతను. "లోపల చిటపటమంటుంది చూశారా? ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టడం. మీ రచయితలెవరూ ఇది రాయలేదు."

ఆమె పీల్చింది. నిజంగానే చిటపటమంది. చిన్నపిల్లలా నవ్వింది. అతను చలి మర్చిపోయి ఆ నవ్వునే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు అమ్మమ్మ కంట పడింది. ఆవిడ చేపల పెట్టెల మీది లేబుళ్ళు చదవడానికి అటు జరిగింది.

ఆమెకు హుషారు వచ్చింది. పుస్తకం తీసి, పేజీ వెతికి అతని చేతిలో పెట్టింది. "దీపస్తంభం మీద మంచు కురిసే పేరా. మైనస్ ఇరవైలో వినాలని ఉంది. చదవండి."

"గొంతు బాలేదండి."

"బానే ఉందని మా అమ్మమ్మ సర్టిఫికెట్ ఇచ్చింది. ఒక్క పేరా."

అతను పేజీ వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆమె నవ్వుతూ ఎదురుచూసింది. ఫ్యాన్లు హోరుమంటున్నాయి. అతను పుస్తకం మూసి తిరిగి ఇచ్చేశాడు.

"కంప్రెసర్ చూసి రావాలి. మీరు బయటికెళ్ళండి, ఎక్కువసేపు ఉండకూడదు," అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇంటికొచ్చాక ఆమె పుస్తకాన్ని పరీక్షగా చూసింది. అట్ట మడత పడలేదు. తను తెరిచిన చోట తప్ప పేజీలు కొన్ననాటిలాగే ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఎవరూ తెరవని పుస్తకం. ఫోన్ అందుకుంది.

"మళ్ళీ చదవకుండానే చదివానన్నారు," అని రాసింది. "మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి నవ్వు రావట్లేదు. ఆ దగ్గు సంగతి ఎవరు చెప్పారు మీకు?"

చాలాసేపటికి జవాబు వచ్చింది, గొంతు కాదు, అక్షరాలు. "మీరు అన్నది నిజం. నేను చదవ లేదు." కాసేపటికి గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయాడు.

ఆ వారం ఆమె షాపులో ఎవరితోనూ సరదాగా మాట్లాడలేదు. ఇంట్లో కూడా అంతే. ఇల్లు నార్డిక్ నవలలా తయారైంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కాఫీ తాగుతున్నారు, మాటల్లేవు. పుస్తకంలో ఉన్నంత బాగా లేదది.

చివరికి అమ్మమ్మే దీపస్తంభం నవల ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఇందులో దగ్గు ఎక్కడుందే?"

"ఎక్కడో ఉంటుందిలే."

"లేదు. శవం లేకపోయినా ఓపిక పట్టి మొత్తం చదివా. ఈ ముసలాడు ఒక్కసారి కూడా దగ్గలేదు."

"అయితే అదీ అబద్ధమేగా."

"అబద్ధం చెప్పేవాడు ఉన్నదాన్ని కాపీ కొడతాడు, ఇంత అందంగా లేనిదాన్ని కల్పించడు. పుస్తకంలో లేని దగ్గు వినబడిందంటే, చదివి వినిపించినవాడు దగ్గి ఉండాలి."

ఆమె ఫోన్ తీసి వెతికింది. ఆ నవలకి ఆడియో ఉంది. చదివింది ఎవరో పెద్దాయన. భార్య పేరు వచ్చేచోట ఆయన ఒక్క క్షణం ఆగి, చిన్నగా దగ్గి, అప్పుడు పలికాడు. ప్రతిసారీ అంతే.

ఇన్నాళ్ళూ తనకు తెలుసనుకున్న పుస్తకం ఆమెకు ఇంకోలా తెలిసింది. వింటూ వింటూ కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ పనివాళ్ళు అన్నం తినే గదిలో అతని ఎదురుగా కూర్చుంది. అతని మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి.

"నాతో చెప్పొచ్చుగా," అంది.

"చెబుదామనే అనుకున్నా. ఈలోపు మీరు నమిలి పెట్టడం గురించి రాశారు."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అతను నెమ్మదిగా చెప్పాడు. "చిన్నప్పట్నుంచీ అంతేనండి. అక్షరాలు నా దగ్గరికొచ్చేసరికి ఒకచోట నిలబడవు. మీరు పుస్తకం పూర్తిచేసేలోపు నేను పేజీ దాటను. బడిలో పైకి చదవమంటే కడుపునొప్పని ఇంటికి పోయేవాణ్ణి. మీ మెసేజులు కూడా ఫోనే చదివి వినిపిస్తుంది. కథలంటే ఇష్టం మాత్రం పోలేదు. ఇక్కడ టోపీ కింద ఇవి పెట్టుకుని రోజంతా వింటా. మేడమీద మీరంతా మాట్లాడుకుంటుంటే, విన్నవాణ్ణి అంటే పంపించేస్తారేమోనని..."

"కళ్ళు పరీక్ష చేయించుకున్నారా?" అంది ఆమె, షాపు అలవాటు కొద్దీ.

"కళ్ళు బానే ఉన్నాయి. మీరు స్పష్టంగా కనబడుతున్నారు."

ఆమె తల దించుకుంది. "మరి ఆరోజు ఎర్రజుట్టు పిన్ని హుషారుగా ఉందన్నారు?"

"కంప్రెసర్ మోతలో నేనే వినలేదేమో అనుకున్నా. ఇంటికెళ్ళి మళ్ళీ మొదట్నుంచి విన్నానండి, పిన్ని కోసం."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాటిలో ఏది ముందో తేలక రెండూ కానిచ్చేసింది. పక్క బల్ల మీదివాళ్ళు గిన్నెలు తీసుకుని మెల్లగా లేచిపోయారు.

ఆ సాయంత్రం గ్రూపులో ఆమె రాసింది. "వినడం గురించి నేనన్న మాట తప్పు. నాకంటే ఆ నవల బాగా తెలిసిన మనిషి దాన్ని విన్నాడు. వెనక్కి రమ్మని అడుగుతున్నాను." అతను వచ్చాడు. తర్వాతి ఆదివారం మేడమీద తన సంగతి తనే చెప్పాడు. పుస్తకాల షాపు యజమానురాలు కుర్చీ దగ్గరికి లాక్కుని, తనకి ఆ దగ్గు కథ మొత్తం చెప్పమంది.

ఆ తర్వాత ఆమె తన ఇంటి హాల్లో సాయంత్రాలు పైకి చదివేది. అతను, అమ్మమ్మ వినేవాళ్ళు.

"మీ పోలీసాఫీసర్ దొంగని కూడా 'ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా' అన్నట్టే అడుగుతున్నాడండి," అనేవాడు అతను.

"నచ్చకపోతే లేచి వెళ్ళొచ్చు."

"దొంగ దొరికాక వెళ్తాను."

"ఇంకో పుస్తకం మొదలెట్టవే, తొందరగా," అనేది అమ్మమ్మ.

అలా పుస్తకం మీద పుస్తకం చదివి చదివి ఒకరోజు ఆమె గొంతు పూర్తిగా పోయింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. అతను మందులు తీసుకుని వానలో తడుస్తూ వచ్చాడు. తల తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"మీరు మాట్లాడలేరు కాబట్టి ఇదే అదను," అన్నాడు. తర్వాత గొంతు మారింది. "మామూలుగా అయితే నేను సగం చెప్పేలోపు మీరు మిగతా సగం చెప్పేస్తారు. ఇవాళ మొత్తం నేనే చెప్పాలి. నాకు మీరంటే ఇష్టమండి. జీవితాంతం మీరు చదువుతుంటే వినాలని ఉంది. చదవకపోయినా సరే, పక్కన కూర్చోవాలని ఉంది. మీ అమ్మమ్మగారు వింటున్నారని తెలిసే చెబుతున్నాను."

పక్కగదిలో పేజీ తిప్పుతున్న చప్పుడు ఆగింది.

ఆమె ఫోన్ అందుకోబోయి మానేసింది. లేచి తెల్లకాగితం, నల్ల మార్కర్ తెచ్చింది. అక్షరాలు పెద్దవిగా, ఒకదానికొకటి తగలకుండా, మాటకీ మాటకీ మధ్య వెడల్పుగా చోటు వదిలి రాసింది. అతని చేతికిచ్చి పక్కనే కూర్చుంది.

అతను కాగితం మీద వేలు పెట్టాడు. వేలు మెల్లగా జరుగుతోంది. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. గొంతు ఉన్న రోజైనా సరే, ఆమె ఇప్పుడు అందించేది కాదు. వాన వింటూ కూర్చుంది.

"ఏమైంది బాబూ, రెండు ముక్కలేగా," అంది పక్కగదిలోంచి అమ్మమ్మ.

"ఉండండి అమ్మమ్మగారూ, వస్తోంది," అన్నాడు అతను. తర్వాత పైకి, ఒక్కొక్క మాటా పట్టుకుని చదివాడు.

"సరే... కానీ... ఇక నన్ను... 'మీరు'... అనకు."

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చి నిలబడింది. "మీ అమ్మానాన్నల్ని ఎప్పుడు తీసుకొస్తావో చెప్పు. నేను కాఫీ పెడతా," అని లోపలికి వెళ్ళిపోయింది.

అతను కాగితం మీద వేలు అలాగే ఉంచి ఆమె వైపు చూశాడు.

"ఇంకోసారి చదవనా... నువ్వు వింటావా?"

ఆమె తల ఊపింది.