ఎడమ కంటి కింద గీత

కేరళలో కణ్ణూరుకు ఉత్తరాన జీడిమామిడి తోటల మధ్య, గుట్ట మీద ఉంటుంది భగవతి గుడి. ఆ మధ్యాహ్నం బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కొబ్బరాకులతో కట్టిన వేషాల పాకలో మాత్రం చల్లగా ఉంది. తడి బియ్యప్పిండి, పసుపు, కొబ్బరినూనె కలిసిన వాసన. చాప మీద కోరన్ వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. తలాపున కూర్చుని, అన్న చిండన్ సన్నటి ఈనెతో తమ్ముడి ముఖం మీద ఎర్రటి గీతలు గీస్తున్నాడు.

వాళ్లది తెయ్యం కట్టే ఇల్లు. మన చెవికి దెయ్యంలా వినిపించే ఆ మాటకు అక్కడ అర్థం దైవం. ఏడాదంతా బట్టలు కుట్టుకుని బతికేవాడు ముఖానికి రంగు, నెత్తికి కిరీటం పెట్టుకుని, అద్దంలో చూసుకున్న క్షణాన భగవతి అవుతాడు. అప్పుడు ఊళ్లో పెద్దింటివాళ్లు కూడా అతని ముందు చేతులు జోడించి, కష్టాలు చెప్పుకుని ఏడుస్తారు.

నిరుటి దాకా ఆ కిరీటం చిండన్‌ది. నిరుడు గుడి ముందు నిప్పుల కుప్ప చుట్టూ తిరుగుతూ తూలాడు. కిరీటం నేల తాకింది. మర్నాడు గుడి పెద్ద నంబియార్ పిలిపించి, "ఇక మీదట తమ్ముడు కడతాడులే చిండా. నువ్వు వాడి ముఖానికి రంగు వెయ్యి," అన్నాడు. అంతే.

కోరన్‌కి ఆట నేర్పింది చిండనే. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పుతూ పాటలన్నీ నోటికి పట్టించాడు. వాడి అడుగు గాలిలో తేలుతుందని జనం అంటే మొదట్లో మురిసిపోయేవాడు. ఆ తర్వాత టీకొట్టు ఒణక్కన్ అందరిలో, "ఏం చిండా, దేవుడికి అన్నవైపోయావుగా! నీకూ దండం పెట్టాలా ఏంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. చిండనూ నవ్వాడు. కానీ ఆ మాట లోపలెక్కడో ముల్లులా దిగి ఉండిపోయింది. రాత్రిళ్లు పడుకుని దాన్నే తడుముకునేవాడు. నొప్పిగా ఉండేది. బాగానూ ఉండేది.

"అయిందా అన్నా?" కోరన్ పెదాలు కదపకుండా అడిగాడు. "చెంప లాగేస్తోంది."

"ఇంకొంచెం. కదలకు."

ఎడమ కంటి కింద చివరి గీత మిగిలింది. గోరంత గీత. శంఖం అంచులా వంపు తిరిగి కంటి కొసను తాకాలి. ముఖం మీది గీతలన్నీ భగవతి అమ్మ నడిచొచ్చే దారులు, ఆ ఒక్కటీ గుమ్మం అనేవాడు వాళ్ల నాన్న. గుమ్మం లేకుండా అమ్మను పిలవకూడదు అనేవాడు.

చిండన్ ఈనె ఎత్తాడు. తమ్ముడి ముఖం కేసి చూశాడు. అమ్మ రాకపోతే? వీడు ఉత్త కోరన్‌లాగే గంతులేస్తే? వీడి వల్ల కాదని జనానికి తెలిసిపోతుంది. నంబియార్‌కి తెలిసిపోతుంది.

ఈనెను నీళ్లలో ముంచి కడిగేశాడు.

"అయింది. లే."

కిరీటం కట్టారు. చెండ డోళ్లు మోగాయి. చిండనే గొంతెత్తి అమ్మను పిలిచే పాట పాడి, తమ్ముడి చేతికి అద్దం ఇచ్చాడు. ఆ క్షణంలో ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది, కాళ్ల గజ్జెలు వాటంతటవే అదురుతాయి. కోరన్ కదల్లేదు. అద్దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అన్నా..." గుసగుసగా అన్నాడు. "ఇందులో ఎవరూ లేరు."

"సరిగ్గా చూడు."

"నేను కూడా లేనన్నా..."

చిండన్ వంగి చూశాడు. అద్దంలో కొబ్బరాకుల కప్పు ఉంది. దాని సందుల్లోంచి ఎండ ఉంది. అంతే.

"తీసెయ్యన్నా... కిరీటం తీసెయ్..."

తీసేయొచ్చు. చెండలు ఆపించి, ఆ గీత గీసి, మళ్లీ పిలవొచ్చు. చిండన్ చేతులు లేవలేదు. ఇంతలో కోరన్ లేచి నిలబడ్డాడు. తనంతట తాను లేచినట్టు లేదు. ఎవరో జుట్టు పట్టుకుని లేపినట్టుంది.

బయట ఆట అద్భుతంగా సాగింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చెండలు ఆగాక అందరికంటే ముందు నంబియార్ వచ్చి చేతులు చాచాడు. భగవతి ఆ చేతుల్లో పసుపు వేసి నోరు తెరిచింది.

"ఇన్నేళ్లు మోశాను. ఒక్కసారి తూలితే తీసి పారేశావే!"

నంబియార్ చేతులు అలాగే ఉండిపోయాయి. కోరన్ కిరీటం కట్టడం అదే మొదలు. పైగా ఆ గొంతు కోరన్‌ది కాదు. పక్కనున్న చెండవాడు మెల్లగా తల తిప్పి చిండన్ నోటికేసి చూశాడు.

చిండన్ పెదాలు మూసే ఉన్నాయి.

తర్వాత ఒణక్కన్ వచ్చాడు. "నవ్వావు కదూ?" అంది అది. "పళ్లన్నీ కనపడేలా నవ్వావు." ఒణక్కన్ వెనక్కి తగ్గి వెనకవాళ్ల మీద పడ్డాడు. అది జనాన్ని చీల్చుకుంటూ నేరుగా చిండన్ దగ్గరికి వచ్చింది. వంగి, చెవి దగ్గర ఎంతో ప్రేమగా...

"రాత్రిళ్లు తడిమి తడిమి పెంచావు నన్ను. ఇంత మంచి ఇల్లు కూడా ఇస్తావనుకోలేదు."

చిండన్ చేత్తో చెవి మూసుకున్నాడు.

"వీణ్ణి ఏం చెయ్యమంటావు? మనసులో అనుకున్నదేగా... ఇప్పుడు చెప్పు."

అని నిప్పుల కుప్ప వైపు తిరిగింది. చుట్టూ తిరగడానికి కాదు. ఎర్రగా కణకణలాడుతున్న ఆ కుప్ప మీద పడుకోవడానికి. తాపీగా, పక్క మీద వాలుతున్నట్టు వంగింది.

"ఒద్దు!" చిండన్ అరుస్తూ మీదికి దూకాడు. తమ్ముణ్ణి నడుం పట్టి పక్కకు లాగాడు. కిరీటం తాళ్లు పళ్లతో తెంపాడు. ఆ ముఖం మీది రంగంతా అరచేతులతో, చొక్కాతో పిచ్చివాడిలా తుడిచేశాడు. కోరన్ ఒళ్లు ఒక్కసారి విల్లులా వంగి, మెత్తబడిపోయింది.

చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

"బాగా ఆడానా అన్నా?"

"ఆడావురా. నాకంటే బాగా ఆడావు," అన్నాడు చిండన్. అని భోరుమన్నాడు. ఆ మాట అనేసరికి ముల్లు ఊడిపోయినట్టయింది. లోపల ఖాళీగా, హాయిగా ఉంది.

తమ్ముణ్ణి పాకలో పడుకోబెట్టి, దీపాలు పెట్టే వేళకి ఒక్కడే ఇల్లు చేరాడు. కాళ్లు కడుక్కుని లోపల కూలబడ్డాడు. వంటింట్లోంచి భార్య నారాయణి తొంగి చూసింది.

"నీ వెనకాలే వచ్చిందే, ఆవిడెవరు?"

"ఎవరు?"

"అరుగు మీద కూర్చుంది చూడు. లోపలికి రమ్మంటే దారి తెలీనట్టు చూస్తోంది. పాపం, ఎవరో రమ్మని పిలిచి మర్చిపోయారట."

మధ్యాహ్నం తాను గుమ్మం గీయకుండానే అమ్మను పిలిచిన పాట చిండన్ చెవుల్లో మోగింది. కూర్చున్నచోటి నుంచే గుమ్మంలోంచి చూశాడు. అరుగు ఖాళీగా ఉంది.

"నారాయణీ... వెళ్లకు..."

ఆమె అప్పటికే చెంబుతో నీళ్లు పట్టుకెళ్లింది. అరుగు చివర వంగి, "తాగమ్మా," అంటూ ఖాళీ చోటుకు అందించింది. చేయి వెనక్కి తీసుకుంది.

చెంబు కింద పడలేదు. మెల్లగా పైకి లేచి, వంగింది. నీళ్లు సన్నటి ధారగా జారాయి.

నేల మీద ఒక్క చుక్క కూడా పడలేదు.