ఊపిరి కోసిన పాట

పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి. ఆమె గమనించలేదు. వంటింటి గట్టు మీద ఫోన్ పెట్టుకుని, గోడలకు దుప్పట్లు కట్టిన పడకగదిలో తాను పాడగా భర్త రికార్డు చేసిన పాట వింటోంది. గొంతులో గడ్డ. ఎల్లుండే ఆపరేషన్. తర్వాత పాడగలదో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. సొంతంగా రాసుకుని, బాణీ కట్టుకుని, ప్రార్థన కూటాల్లో గిటారు పట్టుకుని పాడుతూ వచ్చిన ఆమెకు ఇదే ఆఖరి పాట కావచ్చు.

"ప్రభువా, దీపం ఆరితే ఆరనీ, తలుపు మాత్రం మూయకు..."

శ్రుతి తప్పలేదు. అయినా ఆ పాట, మనుషులెవరూ లేని ఇంట్లో వెలుగుతున్న బల్బులా ఉంది. ఈమధ్య పాడినవన్నీ ఇంతే. గొంతు కంటే ముందే విశ్వాసం పోయిందా?

"ఇవాళ కూడా పాలు పొయ్యిపాలేనా?" అత్తగారు వచ్చి స్టవ్ కట్టేసింది. ఒక్క క్షణం పాట వింది. "ఇదేంటే, మధ్యలో ఊపిరే తీసుకోవా? మైకుబండి అరుస్తున్నట్టుంది."

ఆమె పడకగదిలోకి నడిచింది. భర్త చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు ఉన్నాడు. తెర మీద ఆమె గొంతు గీతలుగా పరుచుకుని ఉంది. పాదానికీ పాదానికీ మధ్య, ఊపిరి తీసుకున్న చోట్ల, నున్నటి ఖాళీలు. హెడ్‌ఫోన్లు లాగేసింది.

"నా ఊపిరేదండీ?"

"శుభ్రం చేశానంతే."

"ఎప్పట్నుంచి?"

"గడ్డ అని తెలిసినప్పట్నుంచి."

"ఒక్క మాటైనా చెప్పకుండానా? దేవుడే నన్ను వదిలేశాడనుకుని ఎంత కుమిలిపోయానో తెలుసా?"

"ఆ గరగర వింటే, నువ్వెంత అవస్థ పడుతున్నావో తెలిసిపోతుందిగా."

"ఎవరికి?"

అతడు మౌస్ వదిలేశాడు.

"నాకే. వినలేకపోయేవాణ్ణి. కోసేస్తే... కాసేపు నీకు నయమైపోయినట్టుండేది."

ఆమె కోపానికి ఒక్కసారిగా నిలబడే చోటు లేకుండా పోయింది. ఏనాడూ మోకరించని మనిషి. రోజూ ఈ కుర్చీలో కూర్చుని చేసిన ప్రార్థన ఇదా?

"మళ్లీ పాడతాను. ఈసారి ఏదీ కొయ్యకండి."

అత్తగారు ఏమీ అడగకుండా వచ్చి ఫ్యాన్ ఆపి, గడప దగ్గరే నిలబడింది. ఆమె పాడింది. రెండో పాదానికి ముందు ఊపిరి తుప్పు పట్టిన గడియలా కిర్రుమంది. స్వరం విరిగింది. ఆ నిశ్శబ్దంలో అతడి వెక్కిళ్లు కూడా మైకులోకి వెళ్లాయి. రికార్డింగ్ ఆపబోయాడు. ఆమె అతడి చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి. ఇప్పుడు ఇంట్లో మనుషులున్నారు."