చెల్లి ఇంటి కింద ఊట

నేను ఇంతవరకూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను, తప్పులుంటే సర్దుకోండి. ఇది నోటితో చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

నా పని గుంటలు తవ్వడం. ఏది మామూలు నేల, ఏది తడినేల అని తేల్చే సర్వేయరు గారి దగ్గర పనిచేస్తాను. తడినేలలో ఇల్లు ఉండకూడదు, ఉంటే సర్కారు వాళ్లు తీసేయిస్తారు. ఆయన తుంగగడ్డి మొలిచిన చోట్లు చూపిస్తారు, నేను తవ్వుతాను. మట్టి బూడిద రంగులో ఉండి గడ్డి వేళ్ల వెంట తుప్పు మరకలుంటే అక్కడ ఏటా నీళ్లు నిలుస్తాయన్నమాట. తర్వాత గుంటలో నీళ్లు ఊరేదాకా పక్కనే కూర్చోవాలి. ఆయన దూరం నుంచి "ఎంతమ్మా?" అని కేకేస్తారు. నీళ్లు నేలకి ఎంత కిందున్నాయో చూసి నేను "మూరెడు సార్" అనో "జానెడు సార్" అనో అరుస్తాను. రోజంతా కలిపి నేను గట్టిగా అనేది ఆ మాటే.

"అది కూడా లేకపోతే నువ్వు మూగదానివనే అనుకునేవాణ్ణమ్మా" అని నవ్వుతారాయన.

పదేళ్లుగా అదే పని. చూడకుండా, చప్పుడు విని కూడా చెప్పగలను ఎంత ఊరిందో.

ఇది జరిగిన రోజు కొలిచిన స్థలం చివర మా చెల్లి ఇల్లుంది. రెండు గదులు. మరిది లారీ తోలి, చెల్లి ఇటుకలు మోసి కట్టుకున్నారు. సాయంత్రానికి, తడినేల హద్దుకి మేం పాతే ఎర్రజెండాల వరస ఆ ఇంటి ముందునుంచి పోయింది. ఇల్లు తడి వైపున పడింది.

"రేపు పొద్దున వచ్చి జెండాలున్న చోట్లన్నీ జీపీఎస్ మిషన్లో ఎక్కిస్తాను. మ్యాపు అదే" అని చెప్పి సర్వేయరు గారు వెళ్లిపోయారు. మరిది ఊళ్లో లేడు కాబట్టి నేను చెల్లి దగ్గర ఆగాను.

"నాలుగు జెండాలే కదే అక్కా. ఇంటి వెనక్కి పాతెయ్."

"తప్పే."

"తప్పా? నన్ను రోడ్డు మీద కూర్చోబెట్టి నువ్వు హాయిగా కాళ్లు కడుక్కుని పడుకో. మహాతల్లివి!"

దాని నోటికి నేనెప్పుడూ లొంగిపోయేదాన్నే. వెళ్లి నాలుగు జెండాలూ పీకాను. ఇంటి వెనక, తుంగ అంచున పాతాను. పగలు పెరట్లో నేను తవ్విన గుంట పూడ్చి, తొక్కి, పైన ఎండాకులు చల్లాను.

దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. ఇద్దరం చాప మీద పడుకున్నాం. చెల్లి ఎన్నాళ్లకో మనసారా నవ్వింది, నా చెయ్యి పట్టుకుని అలాగే నిద్రపోయింది. బయట కప్పలు అరుస్తున్నాయి. కాసేపటికి అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

కుళ్లిన ఆకుల వాసన. గది లోపలి నుంచే.

తర్వాత చప్పుడు... మట్టిలో గడ్డపార దిగే చప్పుడు. చాప కింద నుంచి.

చెల్లి కళ్లు తెరిచింది. "అక్కా... తవ్వేది నువ్వేనా?" అని గుసగుసగా అడిగింది.

"నేను నీ పక్కనే ఉన్నా కదే."

తవ్వకం ఆగింది. ఊట మొదలైంది. బొట్టు బొట్టుగా... తర్వాత ధారగా. కింద నుంచి ఒక గొంతు అడిగింది.

"ఎంతమ్మా?"

మా సర్వేయరు గారి గొంతు కాదు. ఆడో మగో కూడా తెలియదు. పలకకూడదనే అనుకున్నాను. పదేళ్ల అలవాటు. నా నోరు నా మాట వినలేదు.

"మూరెడు సార్."

"ఎందుకు పలికావే!" చెల్లి నా నోరు గట్టిగా మూసింది.

ఊట పెరిగింది. "ఎంతమ్మా?"

దాని వేళ్ల సందుల్లోంచే అన్నాను. "జానెడు."

ఆ గొంతు మళ్లీ అడిగింది. "బెత్తెడు" అన్నాను. నా వీపు కింద చాప చల్లబడింది. లేవబోతే కాళ్లు కదలలేదు... అరవబోతే ఆ కొలత తప్ప ఇంకో మాట రాలేదు.

ఈసారి గొంతు చెల్లి పక్కనుంచే వచ్చింది. "ఎంతమ్మా?"

బలమంతా కూడగట్టుకుని అబద్ధం చెప్పాను.

"లేవు సార్... నీళ్లు లేవు. పొడినేల."

ఊట చప్పుడు ఆగిపోయింది.

తర్వాత నా చేతిలో ఉన్న చెల్లి చెయ్యి కిందికి దిగడం మొదలైంది. పక్కకి కాదు... కిందికి. రెండు చేతులా పట్టుకున్నాను. మోచెయ్యి మునిగింది... మణికట్టు... వేళ్లు. జారిపోయింది. చీకట్లో తడిమాను. గచ్చు గట్టిగా, పొడిగా ఉంది. చాప మీద ఎవరూ లేరు. తెల్లారేదాకా గోళ్లతో ఆ గచ్చు గీకుతూనే ఉన్నాను.

వెలుగు వచ్చేసరికి చెల్లి నా పక్కనే పడుకుని ఉంది. ఊపిరి తీస్తోంది.

నేను పరుగెత్తి నాలుగు జెండాలూ పీకి, మళ్లీ ఇంటి ముందే పాతాను. తిరిగొచ్చేసరికి అది లేచి కూర్చుంది. "నీ ఇల్లు పోయిందే, జెండాలు మార్చేశాను, తిట్టు" అన్నాను. తిట్టలేదు. ఇల్లెక్కడుందన్నట్టు చుట్టూ చూసింది.

దాని జుట్టు తడిగా ఉంది. తువ్వాలు తెచ్చి వెనక కూర్చుని తల తుడిచాను. ఆ తువ్వాలు తడిసిపోతే ఇంకోటి, అదీ తడిస్తే మూడోది తెచ్చాను. దాని చీర పొడిగానే ఉంది. జుట్టు కొసల నుంచి మాత్రం నీళ్లు కారుతూనే ఉన్నాయి.

నాలుగో తువ్వాలు కోసం లేచాను.