సీసా పొర్లిన రోజులు

విశాఖపట్నంలోని విచారణ హాలు నడుమ, రెండు నిలువెత్తు గాజు పెట్టెల్లో, ఒకే కొండ మీద రెండు వానలు కురుస్తున్నాయి. ఎడమ పెట్టెలో జడివాన. కుడి పెట్టెలో ఆకాశానికి చిల్లు పడినట్టు కుండపోత. ముందు వరుసలో కూర్చున్న కొర్రా గాసి కుడివైపు చూడలేక తల దించుకున్నాడు. అది అతని కొండ. దాని పాదం దగ్గర ఆవగింజంత చుక్క అతని ఊరు, సిరిలివలస.

యంత్రం పేరు జంట ఆకాశం. కుడి పెట్టెలో ఉన్నది మనం పీల్చే గాలి. ఎడమ పెట్టెలో ఉన్నది, రెండు వందల యేళ్లుగా మనిషి బొగ్గూ చమురూ కాల్చకపోయి ఉంటే ఉండాల్సిన గాలి. సముద్రం అదే, కొండలవే. ఒకే రోజుని రెండు గాలుల్లోనూ వెయ్యేసి సార్లు నడిపి, తేడా ఎంతో యంత్రం చెబుతుంది.

"గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ తేమ మోస్తుంది. మోసిందంతా ఎక్కడో ఒకచోట దించాలి కదా! ఈ కొండ మీద అతి పెద్ద వాన మునుపటి కంటే నాలుగో వంతు ముదిరింది" అంది యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ చారుమతి.

ఎదుటి పక్షాన ప్రొఫెసర్ దామోదరం లేచాడు. "వేడి పెరగలేదని నేను అనటం లేదమ్మా. తేమ మోసే సంచీ పెద్దదయిందని ఒప్పుకుంటా. ఈ కొండ మీద ఆ సంచీ చిరిగిందా అనేది నా ప్రశ్న. మీ పెట్టెలో వాన మీరు కురిపించింది. కొండ మీద కురిసిన వాన ఈయన పుస్తకంలో ఉంది" అంటూ గాసి వాన లెక్కల రిజిస్టరుని చూపించాడు.

చట్టం ఇలా ఉంది: మనిషి చేసిన వేడి వల్ల వానలు ముదిరాయని తేలిన ఊళ్లని మొదట తరలించాలి. మిగతావి దైవాధీనం కింద లెక్క, వాటి వంతు తరవాత. బంగాళాఖాతంలో వాయుగుండం మూడు రోజుల దూరంలో ఉంది. ఘాట్ రోడ్డు వంతెన కొట్టుకుపోయి ఇరవై ఏడు ఊళ్లు చిక్కుబడి ఉన్నాయి. ఉన్నవి మూడు హెలికాప్టర్లు. సిరిలివలస మీద తీర్పు సాయంత్రం నాలుగింటికి.

గాసి ముప్పై ఒక్క యేళ్లుగా ఆ ఊరి వాన కొలుస్తున్నాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకి కొలసీసా తీసి, మిల్లీమీటర్లు రాసి, సంతకం పెడతాడు. కూతురి పెళ్లి రోజున కూడా పీటల దగ్గరినించి లేచి వెళ్లి కొలిచొచ్చాడు. ఆ కూతురే ఇప్పుడు ఫోన్లో.

"అయ్యా, కొండ నెర్రె ఇచ్చింది. నిన్న సెయ్యి పట్టింది, నేడు కాలు పడతంది. పిల్లలు ఇంట్లోకి రామంటన్నారు. మాయమ్మ పోయిన్నాడు కూడా ఇలాగే నెర్రె ఇచ్చింది కాదా?"

"ఇచ్చిందమ్మా, సుక్రీ. నాలుగ్గంటలకి చెబుతారంట."

"నాలుగ్గంటలకి ఏటి చెప్తారు? వానొస్తాదో రాదో మాకు తెల్దా?"

హాల్లో తెర మీద గాసి రిజిస్టరు గీతగా లేచింది. అతి పెద్ద వాన నూట తొంభై ఎనిమిది మిల్లీమీటర్లు, అదీ మొదటి యేడాదిలోనే. ఆ తరవాత దాన్ని మించింది లేదు. "చూశారా" అన్నాడు దామోదరం, గెలిచినవాడి గొంతుతో కాదు, అలసిపోయినవాడిలా.

గాసి లేచి తెర దగ్గరికి నడిచాడు. ఒక తేదీ మీద వేలు పెట్టాడు. భార్య కొండచరియ కింద పడి పోయిన రోజు అది. దాని పక్కన పదకొండు మిల్లీమీటర్లని ఉంది.

"ఈ అంకె నేను రాయలేదు. ఖాళీగా వదిలేశాను."

చారుమతి ముఖం పాలిపోయింది. "ఖాళీ ఉంటే యంత్రం ఆ నెల సగటు వేసుకుంటుంది గాసి గారూ. అది నిబంధన. అలాంటి ఖాళీలు ఎన్ని?"

"పందొమ్మిది. సీసా పొర్లిన రోజులు. రెండొందలే పడుతుంది దాన్లో. పొర్లింది పట్టే బయటి డబ్బా తుప్పు పట్టి కారిపోయేది. కొత్తది పంపమని పదకొండుసార్లు రాశాను. ఎంత పడిందో తెలీదు. కొలవనిది రాయొద్దని ట్రైనింగులో చెప్పారు, రాయలేదు."

అన్నిటికంటే పెద్ద వానలు పందొమ్మిదీ, పెద్దవైనందుకే లెక్కలోంచి జారిపోయాయి.

"కనీసం రెండొందలు కదా, పరీక్షకి అదే వేసి చూడండి!" అంది చారుమతి. వేశారు. పందొమ్మిది చోట్లా గీత ఒకే ఎత్తుకి లేచి, గోడ పైఅంచులా నిలిచింది. యంత్రం జవాబిచ్చింది: గరిష్ఠ వర్షం రెండొందల దగ్గర నిలకడగా ఉంది. ముదిరిన సూచన లేదు.

"నిబంధన మార్చండి మేడమ్" అన్నాడు గాసి.

"నా చేతుల్లో లేదు. ఎవరూ వేలు పెట్టకుండా యంత్రానికి సీలు వేశారు. కొలిచినవాళ్లు మాత్రం తమ అంకె తాము దిద్దుకోవచ్చు."

దామోదరం గాసి దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఏ రోజు ఎంత పడిందో అంకె చెప్పగలరా? మీరు చెబితే నేను అడ్డు రాను."

ఫోను మళ్లీ మోగింది. సుక్రి. వెనకాల పిల్లల ఏడుపూ, ఎక్కడో రాళ్లు దొర్లుతున్న చప్పుడూ వినిపించాయి.

గాసి కలం తీసుకున్నాడు. రెండొందల పన్నెండు. రెండొందల నలభై. రెండొందల డెబ్భై అయిదు. మూడొందల పది. ఒక్కో అంకె రాసినప్పుడల్లా ఎవరో చూస్తున్నట్టు మెడ వంచుకున్నాడు. పందొమ్మిదో దాని కింద సంతకం పెట్టాడు.

యంత్రానికి క్షణం పట్టలేదు. రెండొందలు పట్టే సీసాలో మూడొందల పది కొలవటం అసాధ్యం. అబద్ధం అలవాటు లేని మనిషి చేసే తప్పు అది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: సాక్షి నమ్మదగినవాడు కాడు. రిజిస్టరు మొత్తం రద్దు.

గాసి కుర్చీలో కూలబడ్డాడు. "నా పిల్లని నేనే చంపుకున్నాను" అన్నాడు.

అప్పుడు యంత్రం ఆఖరి వాక్యం చెప్పింది. నమ్మదగిన రికార్డు లేని చోట జంట ఆకాశం లెక్కే చెల్లుతుంది. సిరిలివలసలో వానలు మనిషి చేసిన వేడి వల్లే ముదిరాయి. వెంటనే తరలించాలి.

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఊళ్లోని రెండొందల పన్నెండు మందీ మైదానంలోని శిబిరానికి చేరారు. మూడో రోజు కొండ దిగి వచ్చింది. సిరిలివలస ఉన్న చోట ఎర్రమట్టి మిగిలింది.

గాసి పేరు కొలతదార్ల పట్టికలోంచి తీసేశారు. అతని వెనకాలే కొండల మీది కొలతదార్లు ఒక్కొక్కరే విచారణకి వెళ్లి, మూడొందలనీ నాలుగొందలనీ రాసి, అబద్ధాలకోర్లనిపించుకుని, ఊళ్లని తరలింపు జాబితాలోకి ఎక్కించుకున్నారు. నెల తిరిగేసరికి పద్నాలుగు రిజిస్టర్లు రద్దయ్యాయి.

చారుమతి శిబిరానికి పరుగున వచ్చింది. గాసి గుడారం ముందు కూర్చుని ఉన్నాడు. అతని ఎదుట, పక్క కొండ మీది ఊరి కొలతదారు పాంగి బుద్రి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని ఉంది.

"గాసి గారూ, దయచేసి ఈ కిటుకు ఎవరికీ చెప్పకండి. కొండల మీద ఒక్క నిజమైన అంకె మిగలకపోతే నా యంత్రాన్ని దేంతో సరిచూడను? దామోదరం గారు నిన్న అడిగారు, వేడి వల్ల వానలు ముదిరాయనడానికి ఇక సాక్ష్యమేదని. అది చూపించకపోతే యంత్రం ఆపేస్తారు. ఆపేస్తే మిగిలిన ఊళ్లని ఎవరు దించుతారు?"

గాసి బుద్రి ఒళ్లోని రిజిస్టరు వైపు చూశాడు.

"మీరన్నది నిజమే మేడమ్" అన్నాడు. "ఎప్పుడాపుతారు?"

"వచ్చే నెలలో."

"ఈమె ఊరి విచారణ బుధవారం."

బుద్రి ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, రిజిస్టరు విప్పింది. పేజీలు గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. అక్కడక్కడా ఖాళీలు.

"ఎంత వెయ్యమంటావన్నా?"

గాసి కలం మూత తీసి ఆమె చేతికిచ్చాడు. "రెండొందలు దాటించు, చెల్లీ. అన్నీ దాటించు."