ఉప్పులోకి పోయిన కెమెరా

నలుగురిలో ఉన్నప్పుడు నన్ను నేనే పొగుడుకుంటాను. ఆ శ్రమ ఇతరులకు ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. కాబట్టి ముందే చెబుతున్నాను: ఆ రోజుల్లో, అంటే అరవై రెండులో, మా నెల్లూరు ఫొటోగ్రాఫర్లలో సినిమా కెమెరా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. దాన్ని తిప్పడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కెమెరాతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. అక్షరాలు కూడా చదవగలిగితే ఇంకొంచెం తొందరగా వచ్చి ఉండేదేమో.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సంజీవరావు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఉప్పు గురించి గంటసేపు మాట్లాడగలడు గానీ పులుసులో అది లేకపోతే కనిపెట్టలేని మనిషి. మంచంకోళ్ళు చేసే వడ్రంగి చేత ఆకుపచ్చవీ పసుపువీ చెక్క బంతులు చేయించి, ఇనప కడ్డీలకు గుచ్చి, మనిషెత్తు పంజరం కట్టించాడు. ఉప్పు లోపల అణువులు అలా బారులు తీరి ఉంటాయట.

"కెమెరా మెల్లగా లోపలికి పోవాలండీ. పిల్లలకు తామే ఉప్పులోకి నడిచిపోతున్నట్టు ఉండాలి" అన్నాడు.

దానికో పద్ధతి ఉంది. కెమెరాను చక్రాల బల్ల మీద బిగించి, బల్లను చెక్క పట్టాల మీద పెట్టాలి. ఒక్క బొమ్మ తీయాలి. బల్లను వడ్లగింజంత జరపాలి. మళ్ళీ ఒక్క బొమ్మ. మధ్యలో నేల అదిరినా, వెలుతురు మారినా, ఎవరైనా బంతిని తాకినా పడ్డ పాట్లన్నీ దండగ. అంచేత మనిషి అడుగుపెట్టని చీకటి ఇల్లు కావాలి.

విడవలూరు దాటాక సముద్రపొడ్డు పల్లెలో అటువంటిది దొరికింది. చేపలు పట్టే మునెయ్య చెడు నక్షత్రంలో చనిపోయాడని వాళ్ళ ఇల్లు పాడుపెట్టారు. ఆరు నెలలు అందులో దీపం వెలగకూడదు, మనిషి మసలకూడదు. తలుపుకు ముళ్ళకంప కొట్టి, ఆయన భార్య ముసలమ్మ, కొడుకు చెంచయ్య ఆ ఇంటి గోడకే చేరగిలేసి గుడిసె వేసుకున్నారు. నాకు నవ్వాగలేదు. చచ్చినవాడికి పెంకుటిల్లు, బతికినవాళ్ళకు తాటాకు!

"ఏం చెంచయ్యా, నడిసముద్రంలో బెదరనోడివి, సొంత తలుపును చూసి బెదరతావా?" అన్నాను.

పాతికేళ్ళవాడు. రోషం వచ్చింది. కత్తి తెచ్చి కంప నరికేశాడు. ముసలమ్మ పరుగెత్తుకొచ్చి గడపకు అడ్డం కూర్చుంది.

"నెలలు నిండకుండా తలుపు తీస్తే పొయినోడు ఇంట్లో ఒకర్ని తోడు తీసకపోతాడయ్యా. నాకుండేది ఈ ఒక్క బిడ్డ."

"తోడే కావాలంటే నేను లోపలే ఉంటాను గదా."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "నువ్వు మా ఇంటోడివి కాదే సామీ. నిన్నేం జేసుకుంటాడు?"

దెయ్యానికి కూడా పనికిరానన్న మాట కాస్త గుచ్చుకుంది. ఆమెను దాటుకుని లోపలికి పోయాను.

సంజీవరావు పంజరాన్ని లోపల నిలబెట్టి, కిటికీలకు తెరచాప గుడ్డ కొట్టి, రెండు పెట్రోమాక్సు లైట్లు వెలిగించాను. బయట మిట్టమధ్యాహ్నం. లోపల ఆ రెండు లైట్లు పడినంత మేరే వెలుతురు, మిగతాదంతా చీకటి. కిరసనాయిలు వాసన. దాని అడుగున తడి వల వాసన. ఇంట్లో వల ఒక్కటీ లేదు.

బొమ్మ తీశాను. జరిపాను. బొమ్మ తీశాను. జరిపాను.

కొంతసేపటికి వినిపించింది. నేను బల్ల జరిపినప్పుడల్లా, వెనక నేల మీద ఏదో జరుగుతోంది. అదీ వడ్లగింజంతే. నేను ఆగితే ఆగుతోంది. ఎలుక అనుకున్నాను. నా పనితనం చూసి ముచ్చటపడి దగ్గరికొస్తోందనుకున్నాను.

జరిపాను... సర్రు.

జరిపాను... సర్రు. ఈసారి నా మడమల దగ్గర.

కావాలనే చేయి ఆపాను. పెట్రోమాక్సు బుస తప్ప చప్పుడు లేదు. మెడ మీద చల్లటి గాలి... ఆగి... మళ్ళీ. అది ఊపిరి.

"ఊఁ..." అంది చెవి పక్కన ఒక బొంగురు గొంతు. "జరుపు."

జరిపాను. నా వీరత్వం అంతవరకే.

అప్పుడే తలుపు తెరుచుకుంది. చెంచయ్య, చేతిలో సద్దిగిన్నె. "సారూ, అన్నం..." అంటూ గడప దాటాడు. నా మెడ మీది ఊపిరి ఠక్కున ఆగింది. వాడు నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. గిన్నె జారిపోయింది.

"నాయినా..." అన్నాడు చిన్నగా.

తర్వాత ఇద్దరం ఇసుకలో పరుగెత్తాం. ఎవరు ముందో చెప్పను.

మర్నాడు తలుపు బార్లా తీసిపెట్టి, ఒక్క దూకులో కెమెరా తెచ్చుకున్నాను. ఫిలిం మద్రాసులో కడిగించి కాలేజీలో తెర మీద వేశాం. కెమెరా బంతుల మధ్యకు వెన్నలా పోయింది. నేను మీసం దువ్వుకున్నాను. అంతలో, ముందుకూ వెనక్కూ తప్ప పోలేని ఆ కెమెరా మెల్లగా పక్కకు తిరిగింది. తెర మీద నా వీపు. కెమెరా మీదికి వంగి ఉన్న నా వీపు. నా దగ్గర ఉన్నది ఒకటే కెమెరా. తెర మీది చూపు నన్ను దాటి, గుమ్మంలో నిలబడ్డ చెంచయ్య వైపు కాస్త జరిగి, ఆగింది.

"చివర్లో ఆ కుర్రాడెందుకండీ? ఉప్పుకు సంబంధం లేదే!" అన్నాడు సంజీవరావు. ఆ మహామేధావికి కలిగిన సందేహం అదొక్కటే.

మర్నాడు ఇంకో క్లాసుకు వేశాడు. చెంచయ్య ముఖం నిన్నటికంటే దగ్గరగా ఉంది. చివరి ముక్క నేనే కత్తిరించి కాల్చేశాను. ఆ మర్నాడు మళ్ళీ ఉంది. ఇంకొంచెం దగ్గరగా. ఆపమని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"మీ పల్లెటూరి భయాలకు నా పాఠం ఆపమంటారా?" అన్నాడు. నేను నవ్వినట్టే నవ్వాడు.

పల్లెకు పోయాను. చెంచయ్య వేటకు పోవడం మానేశాడు. గుడిసెలో గుమ్మానికి ఎదురుగా నేల మీద కూర్చుని, ఖాళీ గాలిలోకి రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"ఎవురో మీది మీదికి వస్తన్నట్టు వెనక్కి జరగతా ఉండాడయ్యా," అంది ముసలమ్మ, కొడుక్కి వినపడకుండా. "రోజూ కొంచెం. ఆదివారం మాత్రం జరగడు."

ఆదివారం కాలేజీకి సెలవని ఆమెకు చెప్పలేదు.

వాడి వెనక ఉన్నది పాత ఇంటి గోడ. వీపుకూ గోడకూ మధ్య చేయి పెట్టి చూశాను. వేళ్ళు పట్టలేదు. గోడ తడిగా ఉంది, కిందికి కాదు, పైకి కారుతోంది.

కెమెరా కదపడం నాకు నేనే నేర్చుకున్నాను. ఆపడం ఎలాగో ఇంకా నేర్చుకోలేదు.