విబెకె గారి మసి

"మసి అమ్ముడుపోయింది," అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్ తొర్కిల్, ఫోన్‌లో ఏజెంట్ ఎస్బెన్‌తో. "ఈ రోజే చేతులు మారుతుంది. అమ్మేది ల్యాబ్‌లో మనిషే. పట్టుకో."

'మసి' కోడ్ పేరు. ప్రొఫెసర్ విబెకె ఏడేళ్ళు కష్టపడి చేసిన కార్బన్ పొడి. అందులో కోబాల్ట్ పరమాణువులు ఒకదానికొకటి తగలకుండా, దేనికది విడిగా అతుక్కుని ఉంటాయి. ఖరీదైన ప్లాటినం అక్కర్లేకుండానే నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఉన్నది ఒకటే సీసా. విదేశీ ముఠాకి చిక్కితే పేటెంట్ వాళ్ళదే.

ఎస్బెన్ రెండు నెలలుగా కోపెన్‌హేగన్‌లోని ఆమె ల్యాబ్‌లో గాజుసామాను కడిగేవాడి వేషంలో ఉన్నాడు. పదకొండేళ్ళుగా అతని జంట ఏజెంట్ అయిన సిసెల్ అక్కడే శాస్త్రవేత్త వేషంలో ఉంది. ఆమె నవ్వితే కాపలావాళ్ళు పాస్ అడగడం మరిచిపోయేవారు.

మూడింటికి, కాఫీ వేళ, సిసెల్ బాదం కేకు తెచ్చింది.

"ఎవరిదే పుట్టినరోజు?" అంది విబెకె.

"ఎవరిదీ కాదు. తినాలనిపించింది."

"కేకు తెచ్చే నీ వంతు వచ్చే నెల కదా! పోయినసారి ఎగ్గొట్టావుగా, ఆ పాపం కడుక్కుంటున్నావా?"

అందరూ నవ్వారు. పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి సిసెల్ వెళ్ళిపోయింది.

ఎస్బెన్ కేకు పక్కన పెట్టేశాడు. పుట్టినరోజు కాదు, వంతు కాదు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ ల్యాబ్ ఆనవాయితీ ప్రకారం ఉద్యోగం వదిలిపోయేవాళ్ళు కేకు పెట్టి పోతారు. దేశాన్ని అమ్ముకున్న మనిషికి ఆ మర్యాద తప్పడానికి మాత్రం మనసొప్పలేదు.

మసి దాచే బీరువా తెరిచాడు. సీసా మూతలో తను దాచిన ట్రాన్స్‌మిటర్ అలాగే ఉంది. దాని సంగతి సిసెల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. లోపలి పొడి వేళ్ళతో నలిపి చూశాడు. ప్రింటర్ ఇంకు పొడి. ట్రాన్స్‌మిటర్ సంగతి తెలిసిన మనిషే సీసా వదిలి, పొడి మాత్రం మార్చింది.

"చీఫ్, సిసెల్ కారు ఎక్కడుంది?"

"సిసెలా?" తొర్కిల్ ట్రాకర్ తెర చూశాడు. "హెల్సింగోర్ రేవు దారిలో. స్వీడన్ వెళ్ళే ఫెర్రీ ఓడకి."

రేవులో ఓడ గేటు పైకి లేస్తుండగా ఎస్బెన్ ఫెర్రీలోకి దూకాడు. డెక్ మీద సిసెల్ ఒక బూడిదరంగు కోటు మనిషికి థర్మాస్ ఫ్లాస్కు అందిస్తోంది. వాడి వేళ్ళు తగిలేలోపు ఎస్బెన్ దాన్ని లాగేసుకున్నాడు. రెండో చేతిలో పిస్టల్ చూసి వాడు చేతులెత్తాడు.

"పదకొండేళ్ళు, సిసెల్. వెళ్తున్నానని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే పోనిచ్చేవాడివా?"

"లేదు. కానీ ఏడ్చేవాణ్ణి."

ఆమె సముద్రం వైపు తిరిగింది. స్వీడన్ రేవులో పోలీసులు కనబడుతున్నారు.

ఫోన్ మోగింది. "శభాష్," అన్నాడు తొర్కిల్. "సోమవారం నీకు కొత్త జంట వస్తోంది."

"ఎలాంటిది?"

"చాలా నమ్మకస్తురాలు."

"ఈవిడ కూడానా?" అన్నాడు ఎస్బెన్.